జీలుగుపుట్టు బంగ్లాలో గుంట

అరకు నుంచి పెదబయలు దాకా ఈ కొండల్లో పిరికివాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే ఆ పిరికితనాన్నే నమ్ముకుని ఇల్లు నడుపుతున్నవాడు యోనా ఒక్కడే. ఈ మాట మొహం మీదే అనొచ్చు, అతనేమీ అనుకోడు. భయం లేని మనిషి ఎవడో తీసుకురండి, చూసి దండం పెట్టుకుంటానని నవ్వేస్తాడు.

చిన్నప్పటి నుంచీ అంతే. తోటి పిల్లలంతా కొండవాగు గెడ్డలోకి దూకుతుంటే ఇతను గట్టు మీద నిలబడి వాళ్ల బట్టలకి కాపలా కాసేవాడు. క్రిస్మస్‌కి చర్చి మీద నక్షత్రం కట్టాలంటే కుర్రాళ్లంతా నేనంటే నేనని పైకెక్కేవాళ్లు, యోనా కింద నిచ్చెన పట్టుకునేవాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అతను పట్టుకున్న నిచ్చెన ఏనాడూ జారలేదు. పాముకి భయం, కందిరీగకి భయం, ఉరుముకి భయం, సూది మందుకి మరీ భయం. పెళ్లిలో ఉంగరం తొడిగేటప్పుడు కూడా చెయ్యి వణికిందని అతని భార్య రత్నాలు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అది పెళ్లికి భయపడా, తనకి భయపడా అన్నది ఇన్నేళ్లయినా తేలలేదంటుంది.

ఇలాంటి మనిషి పోయి పోయి సర్వీసు జీపు కొన్నాడు. ఘాట్ రోడ్డు మీద జీపు నడపడానికి ఎంత తెగువ కావాలో చూసినవాళ్లకి తెలుసు. టాపు మీద జనం, వెనక వేలాడుతూ జనం, డ్రైవరు సగం సీటు మీద సగం గాల్లో. యోనా జీపులో అదేమీ కుదరదు. టాపు ఎక్కనివ్వడు, వేలాడనివ్వడు. ప్రతి మలుపు దగ్గరా బండి ఆపుతాడు, హారన్ కొడతాడు, తల బయట పెట్టి అవతల ఏమైనా వస్తోందేమో వింటాడు, అప్పుడు కదులుతాడు. సంతకని ఎక్కినవాళ్లు సంత ఎత్తేసే వేళకి దిగేవాళ్లు. కోళ్లు అమ్ముకోడానికి వెళ్లిన ముసలమ్మలు కోళ్లతోనే తిరిగొచ్చి, అతని ముందు తరాల వాళ్లని కూడా వదలకుండా తిట్టేవాళ్లు. చివరికి ఆ జీపు ఎక్కేవాళ్లే లేకుండా పోయారు.

"నీ జీపు కన్నా నా మేక బేగెల్తాది" అంది రత్నాలు. అది ఎగతాళి కాదు, నిజం.

ఆ రోజుల్లోనే విశాఖ నుంచి ఫొటోలు తీసేవాళ్లు కొందరు వచ్చి, మిగతా జీపులు దొరక్క ఇతని జీపెక్కారు. బట్టల షాపు ప్రకటన కోసం పాడుబడిన ఇల్లేదైనా కావాలని, గోడలు పెచ్చులూడి, తలుపులు విరిగి, లోపలికి కాస్త ఎండ పడుతూ ఉండాలని అడిగారు. అలాంటివి మన దగ్గర తక్కువా? రైల్వే వాళ్లు వదిలేసిన క్వార్టర్లున్నాయి, పైకప్పు సగం పోయిన కాఫీ గోదాములున్నాయి. యోనా ఒక గోదాము దగ్గరికి తీసుకెళ్లాడు. తీసుకెళ్లాడు గాని వాళ్లని లోపలికి పోనివ్వలేదు. ముందు తను చూడాలన్నాడు. చూడటమంటే అలా ఇలా కాదు. దూరంగా కూర్చుని కాసేపు విన్నాడు. కప్పు మీదకి రాళ్లు విసిరాడు. వెదురు కర్రతో గచ్చంతా పొడిచి చూశాడు. ఎండాకులు కుప్ప వేసి పొగ పెట్టాడు. గడప మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి, తల పైకెత్తి దూలాలన్నీ చూసుకున్నాడు. ఇదంతా అయ్యేసరికి ఎండ పొద్దు సగం పోయింది. ఫొటోగ్రాఫరు మండిపడ్డాడు. ఇతన్ని ఎక్కడ పట్టుకొచ్చార్రా బాబూ అని నెత్తి కొట్టుకున్నాడు.

కాని వాళ్లతో వచ్చిన మోడల్, విశాఖ అమ్మాయి, పేరు క్యాథరిన్, మాత్రం ఆ గోదాములో హాయిగా ఊపిరి పీల్చుకుంది. అంతకు ముందు ఎక్కడో పాత మేడలో ఆమె నిలబడ్డ మెట్టు విరిగి చీలమండ బెణికిందట. ఇంకోచోట పెట్టెలో పాము. ఫొటో బాగా రావాలని అందరూ చూస్తారు గాని, నిలబడే మనిషి ఎక్కడ నిలబడాలో ముందుగా చూసిన మగాడు ఇతనొక్కడేనని ఆమె తన తోటి అమ్మాయిలకి ఫోన్లు చేసి మరీ చెప్పింది. అంతే, యోనా దశ తిరిగింది. వాళ్లు వీళ్లకి చెప్పారు, వీళ్లు ఇంకొకళ్లకి చెప్పారు. అరకులో షూటింగంటే ముందు యోనాకి ఫోను చెయ్యి అనేదాకా వచ్చింది. యోనా జీపు అమ్మేశాడు. బస్సుల్లో, కాలినడకన తిరిగి పాడుబడ్డ ఇళ్లు వెతకడమే పని పెట్టుకున్నాడు.

ఈ పనిలో అతనికి ఒక మాట ఉంది. ఏ ఇల్లు చూసినా బాగుందనడు, బాగాలేదనడు. "నా కాలు ఒప్పుకుంది" అంటాడు, లేకపోతే "ఒప్పుకోలేదు" అంటాడు. కాలు ఒప్పుకోని గది గుమ్మానికి రత్నాలు పాత చీర చింపి కట్టిన ఎర్ర గుడ్డల తాడు అడ్డంగా కట్టేస్తాడు. ఆ తాడు కలెక్టరు వచ్చినా దాటడానికి వీల్లేదు. రత్నాలుకీ పని దొరికింది. బట్టలు మార్చుకోడానికి ఆడపిల్లలకి చోటు కావాలి కదా, నాలుగు చీరలు కట్టి చాటు చేసి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. అటువైపు తొంగిచూసినవాడికి రత్నాలు నోటి సంగతి బాగా అర్థమవుతుంది.

ఇన్ని ఇళ్లలోనూ మేలైనది జీలుగుపుట్టు బంగ్లా. ఎప్పటి కాఫీ దొరో కట్టించుకున్నాడు, ఎప్పుడో వెళ్లిపోయాడు. ఎత్తు గోడలు, రాతి వరండా, కిటికీల్లోంచి చూస్తే కిందంతా పచ్చటి పూల వలిసె చేలు. ఫొటోగ్రాఫర్లు దాన్ని చూస్తే అన్నం మానేస్తారు. కాని ఆ బంగ్లా ఊరి అధీనంలో ఉంది. ఊరి పెద్ద పోతురాజు, యోనా మావా అని పిలిచే మనిషి, చాలాకాలం ససేమిరా అన్నాడు. కారణం లేకపోలేదు. అంతకు ముందెప్పుడో ఫోన్లలో వీడియోలు తీసుకోడానికి వచ్చినవాళ్లు గోడెక్కి పడి, తప్పంతా ఊరివాళ్ల మీదకి నెట్టేసి పోయారు. ఆ తర్వాత ఊళ్లో మగవాళ్లంతా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగారు. అందుకని పోతురాజు గట్టిగా ఉన్నాడు. యోనా ఎన్నిసార్లో వెళ్లి, అరుగు మీద కూర్చుని, అంబలి తాగి, బతిమాలి బతిమాలి చివరికి ఒప్పించాడు. ఒప్పుకుంటూనే పోతురాజు ఒక మాట చెప్పాడు.

"ఒక్క మనిషికి దెబ్బ తగిలినా బంగ్లా మూసీత్తాను. మరింక ఈ సుట్టుపక్కల ఏ ఊరికీ నువ్వు రావద్దు."

ఉత్తి బెదిరింపు కాదది. చుట్టుపక్కల ఊళ్లన్నీ పోతురాజు మాట వింటాయి. అతను వద్దంటే గోదాములూ వద్దే, క్వార్టర్లూ వద్దే. జీపు అమ్మేసిన యోనాకి ఇక మిగిలేది ఇంటి వెనక కాసిని కాఫీ మొక్కలు. అవి కాపుకి రావడానికి ఇంకా బోలెడంత టైం ఉంది. అందుకే జీలుగుపుట్టు వెళ్లిన ప్రతిసారీ అతను మామూలు కంటే ఎక్కువ భయపడేవాడు. ఆ బంగ్లాలో వెనక గది అతని కాలు ఒప్పుకోలేదు. దూలం చెదతిని వంగిపోయి ఉంది. తాడు కట్టేశాడు. ఆ తాడు వరకూ వచ్చి వెనక్కి తిరగడమే గాని ఆ గదిలోకి ఎప్పుడూ తొంగి కూడా చూసేవాడు కాదు.

పోయిన ఏడాది వలిసెలు పూసిన రోజుల్లో లక్ష్మీప్రసాద్ అనే కొత్త ఫొటోగ్రాఫరు వచ్చాడు. గుంటూరు మనిషి, మర్యాదస్తుడు, యోనాని అన్నా అని పిలుస్తాడు. చేనేత చీరల ఫొటోలు తీయాలి. మోడళ్లు ఇద్దరు, క్యాథరిన్ ఒకతె, ఇంకో కొత్తమ్మాయి. యోనా పొద్దున్నే వచ్చి ముందు గదులూ వరండా అన్నీ మళ్లీ చూశాడు. కాలు ఒప్పుకుంది. వెనక గది తాడు ఉన్నచోటే ఉంది. తాడు ఉందంటే లోపలికి ఎవరూ వెళ్లలేదనే కదా అనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

ఎందుకంటే దొంగలకి గుమ్మంతో పనేముంది? దొర వెళ్లిపోతూ బంగారం పాతిపెట్టాడని ఎవడో ఎక్కడో వాగాడు. ఆ మాట పట్టుకుని నిధి కోసం వచ్చినవాళ్లు కిటికీలోంచి దూరి, వెనక గదిలో మనిషి నిలువు లోతు తవ్వి, నిమ్మకాయలు, కుంకుమ చల్లి, ఏమీ దొరక్క తట్టా గోనెసంచులూ అక్కడే పడేసి పోయారు. తవ్విన తవ్వుడికి గోడ కూడా కదిలింది. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

షూటింగ్ బాగానే సాగుతోంది. అమ్మాయిలిద్దరూ చీరలు మార్చుకోడానికి చాటుకి వెళ్లారు, రత్నాలు పీట మీద కూర్చుంది. యోనా వరండా చివర నిలబడి ఉన్నాడు. లక్ష్మీప్రసాద్ వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుంటూ బంగ్లా చుట్టూ తిరిగాడు. వెనక కిటికీలోంచి లోపలికి చూసి, అక్కడున్నది చూసి, బెదిరిపోయాడు. పాపం, మంచికే అరిచాడు.

"అన్నా, ఈ వెనక గదిలో గుంట ఉంది. చూసుకోండి."

గుంటూరు వైపు గుంట అంటే గొయ్యి. అరకులో గొయ్యిని గొయ్యే అంటారు, గుంట అంటే ఆడపిల్ల. లక్ష్మీప్రసాద్ తన భాషలో గొయ్యి ఉందన్నాడు. యోనా తన భాషలో ఆడపిల్ల ఉందని విన్నాడు.

మోడళ్లు ఇద్దరూ చాటులో ఉన్నారు, మాటలు వినిపిస్తున్నాయి. మరి లోపలున్నది ఎవరు? ఊరి గుంటలు బంగ్లా వెనక జామచెట్ల కోసం వస్తారని అతనికి తెలుసు. కిటికీలోంచి దూకి ఉంటుంది. ఆ దూలం కింద పిల్ల. బయటికి రమ్మని అక్కడి నుంచే కేకేశాడు. జవాబు లేదు. ఇంతలో లోపల పెంకు ఒకటి జారి పడింది, దాని వెనకే ఇంకొకటి.

యోనా పరిగెత్తాడు. గెడ్డలో దూకనివాడు, నిచ్చెన ఎక్కనివాడు, మలుపు మలుపుకీ జీపు ఆపినవాడు తాడు పైకెత్తి దాని కింద నుంచి దూరిపోయాడు. కర్ర లేదు, రాయి వేసి చూడటం లేదు, కాలిని అడగనే లేదు. ఎండలోంచి చీకట్లోకి వెళ్లేసరికి కళ్లు కనిపించలేదు. భయం ఎక్కడికీ పోలేదు, అతనితోనే ఉంది. మూలన ముడుచుకు కూర్చున్నట్టు ఏదో కనిపించింది. పాడు గోనెసంచి అది. పిల్ల బెదిరిపోయి నక్కిందనుకున్నాడు.

"రాయే గుంటా, బయ్యం నేదు, నానున్నాను" అంటూ చెయ్యి చాపి అడుగేశాడు. ఆ అడుగు కింద నేల లేదు.

గొయ్యిలో పడ్డాడు. కాలు టపుక్కుమంది. పడటం ఆలస్యం, పైన దూలం పెళపెళ విరిగి, పెంకులతో సహా వచ్చి గొయ్యి మీద అడ్డంగా పడింది. ఒక్క అడుగు ఇవతల ఉంటే యోనా కథ అక్కడితో సరి. గొయ్యిలో ఉన్నాడు కాబట్టి దుమ్మూ పెంకు ముక్కలే మీద పడ్డాయి. నిధి దొంగలు ఈ లోకానికి చేసిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే.

అందరూ పరిగెత్తుకొచ్చారు. దుమ్ములోంచి యోనా గొంతు వినిపించింది. తన సంగతి తర్వాత, ముందు గుంటని తియ్యమంటున్నాడు. లక్ష్మీప్రసాద్‌కి అర్థం కాలేదు. గుంటలోంచి నిన్ను తీస్తామన్నా, కదలకు అన్నాడు. నన్ను కాదు సార్, గుంటని అంటాడు యోనా. గుంటని ఎలా తీస్తారన్నా, నువ్వు గుంటలోనే ఉన్నావు కదా అంటాడు లక్ష్మీప్రసాద్. తలకి దెబ్బ తగిలి ఏదో మాట్లాడుతున్నాడని అతని అనుమానం. పిల్ల దూలం కింద నలిగిపోయిందేమోనని యోనా లోపల ఏడుస్తున్నాడు. ఆ ఇద్దరి మాటల్లో తికమక ముందుగా పసిగట్టింది రత్నాలు.

"గుంట నేదు, ఏటీ నేదు. ఆ సారు గొయ్యిని గుంటన్నాడు. ఇనపడతందా? గొయ్యి!"

గొయ్యా, అని లోపల్నుంచి మెల్లగా వినిపించింది. ఎవరూ లేరు కదా, నిజంగా ఎవరూ లేరు కదా అని మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. లేరని నమ్మాక, అప్పుడు కాలు నొప్పి తెలిసి కుయ్యోమన్నాడు. క్యాథరిన్ నవ్వు ఆపుకోలేక నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. లక్ష్మీప్రసాద్‌కి విషయం తెలిసి మొహం పాలిపోయింది. రత్నాలు మాత్రం నవ్వలేదు. జీవితమంతా మొగుడి పిరికితనం మీద జోకులేసిన మనిషి, ఆ గుమ్మం దగ్గర కూలబడి, పెంకులు పడి తెగిన తాడు ముక్క చేతిలో పట్టుకుని ఏడ్చేసింది.

కేకలు విని ఊరంతా వచ్చింది. దూలం పక్కకి నెట్టి, యోనాని పైకి లాగి వరండాలో పడుకోబెట్టారు. మోకాలి కింద వాచిపోయింది, నుదుటి మీద రక్తం. అప్పుడొచ్చాడు పోతురాజు. గదిలోకి తొంగి చూశాడు, గొయ్యి చూశాడు, నిమ్మకాయలు చూశాడు. వచ్చి యోనా కాలు చూశాడు. లక్ష్మీప్రసాద్ ముందుకొచ్చి తప్పు తనదని, తన మాట వల్లే ఇదంతా అయిందని చెప్పబోయాడు. పోతురాజు చెయ్యి ఎత్తి ఆపాడు.

యోనా కళ్లు మూసుకున్నాడు. ఒక్క మనిషికి దెబ్బ తగిలినా అన్న మాట అతనికి గుర్తుంది. దెబ్బ తగిలింది. తగిలిన మనిషి తనే అయితే మాత్రం మనిషి కాకుండా పోతాడా? బంగ్లా పోయింది, దాంతో పాటు మిగతా ఊళ్లూ పోయాయి. రేపటి నుంచి ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

తాడు తెంచిందెవరని పోతురాజు అడిగాడు. తెంచలేదు మావా, నేనే కింద నుంచి దూరానని చెప్పాడు యోనా. నువ్వే కట్టి నువ్వే ఎందుకు దూరావంటే, లోపల గుంట ఉందన్నారని చెప్పాడు. అది గొయ్యని తర్వాత తెలిసిందని కూడా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు కిసుక్కుమన్నారు. పోతురాజు నవ్వలేదు.

"ఎవుల గుంటనుకున్నావు?"

యోనా ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. అంత సేపట్లో ఆ ప్రశ్న అతనికి తట్టనే లేదు.

"తెల్దు మావా. అడగనేదు" అన్నాడు.

ఊరి ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. ఎవరి పిల్లల్ని వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. జామచెట్ల దగ్గరికి రోజూ వచ్చే గుంటలు నలుగురైదుగురు ఆ గుంపులోనే నిలబడి, పెద్దవాళ్లంతా తమ వైపు ఎందుకు చూస్తున్నారో తెలియక బిక్కమొహాలు వేశారు. పోతురాజు వాళ్లని చూసి, డోలీ కట్టమన్నాడు.

బంగ్లా నుంచి షూటింగ్ వాళ్ల వ్యాను ఆగిన చోటి దాకా కాలిబాటే. వెదురు తెచ్చారు, రత్నాలు చాటుకి కట్టిన చీరల్లో గట్టివి రెండు చూసి ఇచ్చింది. యోనాని అందులో పడుకోబెట్టారు. డోలీలో ఊగడమంటే కూడా అతనికి భయమే, రెండు చేతులతో చీర అంచు పట్టుకున్నాడు. బంగ్లా సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది గాని, ఇలాంటప్పుడు అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాడు. పోతురాజే చెప్పాడు, ఎటో చూస్తూ.

"కాలు బాగయినాక రా. గొయ్యి మేం పూడ్సీత్తాం. దూలం మాత్రం నువ్వే దగ్గరుండి ఎక్కించాల."

కుర్రాళ్లు వెదురు ఎత్తడానికి వంగారు. పోతురాజు అంత పెద్ద వయసువాళ్లు ఆ ఊళ్లో డోలీ మొయ్యరు, మొయ్యాల్సిన పని లేదు. వద్దు తాతా అంటున్నా వినకుండా అతను తలపాగా విప్పి భుజాన మడత పెట్టుకుని, ముందు కొన కింద నిలబడ్డాడు.